దర్వాజ కాడి చప్పట్లు

మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళ కంటే ‘తప్పిపోయిన పిల్ల’ అనేవాళ్ళే ఎక్కువ. అమ్రాబాద్ దాటి అడవి వైపు వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. చిన్నప్పుడు సలేశ్వరం జాతరలో ఒక పూట తప్పిపోయాను, అంతే. ఆ తర్వాత పదో తరగతి పాసయ్యాను, అచ్చంపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, మా ఊరి బడిలోనే విద్యా వాలంటీరుగా చేరాను. ఇవేవీ లెక్కలోకి రాలేదు. బోర్డు మీద భిన్నాలు చెబుతుంటే కిటికీలోంచి తొంగిచూసే ముసలాయన కూడా పక్కవాడితో ‘తప్పిపోయిన పిల్ల మంచిగనే చెప్తుంది’ అనేవాడు.

ఆ జాతర సంగతి కొంచెం చెప్పాలి. సలేశ్వరం దేవుడు లింగమయ్య ఉండేది నల్లమల లోపల, లోయలో, నీళ్ళు దూకే చోట. అక్కడికి దిగే దారికి ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. వెళ్ళేవాళ్ళదీ వచ్చేవాళ్ళదీ అదే దారి. అందుకని దిగేవాళ్ళు ‘వస్తున్నం లింగమయ్యో’ అని కేక వేస్తారు, తిరిగి ఎక్కేవాళ్ళు ‘పోతున్నం లింగమయ్యో’ అంటారు. భక్తి సంగతి ఆయనకే తెలియాలి. మలుపు అవతల మనిషి వస్తున్నాడని తెలిసేది మాత్రం ఆ కేకతోనే.

ఆ అంచు మీదే అమ్మ చెయ్యి జారిపోయింది నాకు. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే ఎవరో నన్ను ఎత్తి ముందువాళ్ళకు అందించారు, వాళ్ళు ఇంకొకరికి. లోయలోకి పడకుండా కాపాడారు కానీ అమ్మకు దూరం చేశారు. కింద నీళ్ళ దగ్గర ఒక బండను పట్టుకుని కూర్చుని, దిగే ప్రతి కేకనూ విన్నాను. అందరూ అనేది ఒకే మాట. అయినా పొద్దు వాలే వేళకు అందులో అమ్మ గొంతు వేరుగా వినిపించింది. నేను కూడా అదే మాట ఏడుస్తూ అరిచాను. అమ్మ వచ్చి కొట్టలేదు, తిట్టలేదు. నా మణికట్టు పట్టుకుంది. కొండ ఎక్కేదాకా, బండి ఎక్కేదాకా, ఇంటి గడప దాటేదాకా వదల్లేదు. నొస్తున్నదే అమ్మా అంటే ‘నొయ్యనీ’ అంది. ఆ రోజంతా ఆమె నాతో అన్న మాట అదొక్కటే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా హెడ్మాస్టరు ఏడో తరగతి పిల్లలను హైదరాబాద్ చూపించుకొస్తానని బయలుదేరదీశారు. మగపిల్లలందరూ సిద్ధమయ్యారు. ఆడపిల్లలను పంపడానికి మాత్రం తల్లులు ఒప్పుకోలేదు. వెంట ఆడమనిషి ఉండాలన్నారు. బడిలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ మాట హెడ్మాస్టరు చెప్పగానే వరండాలో కూర్చున్న తల్లులంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కానీ నవ్వులో తప్పేముంది? నేను అప్పటికి హైదరాబాద్ మొహం చూసి ఎరగను.

వాళ్ళలో ఒక పెద్దామె నవ్వలేదు. తల్లి లేని మనవరాలిని పెంచుకుంటున్న మనిషి ఆమె. నన్ను కాసేపు చూసి అంది.

“ముందుగాల నువ్వొక్కదానివి పోయి అన్ని తిరిగిరా పిల్లా. నువ్వు తప్పిపోకుంట వస్తె మా పిల్లలను నీ ఎంబడి పంపుతం.”

ఆ మాట అక్కడికక్కడే ఖాయమైపోయింది. నేను క్షేమంగా తిరిగొస్తే ఆడపిల్లలు వెళ్తారు, లేకపోతే ఇంట్లో ఉండి అంట్లు తోముకుంటారు. వాళ్ళల్లో సగం మందికి ఆ ఏడు దాటితే బడి ఉంటుందో లేదో కూడా తెలియదు. సాయంత్రం ఆ పెద్దామె మనవరాలు నా వెనకాలే వచ్చింది. గోల్కొండలో కింద దర్వాజ దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీదికి వినిపిస్తాయని పుస్తకంలో ఉంది, అది నిజమో అబద్ధమో చూసి రమ్మంది. చూసొస్తానన్నాను. ఆ పిల్ల ముందు ఇంకేమనగలను?

ముందు రోజే అచ్చంపేటలో చిన్నమ్మ ఇంటికి చేరుకుని, తెల్లవారకముందే మొదటి బస్సు ఎక్కాను. చూడాల్సినవి మూడు. మ్యూజియం, చార్మినార్, గోల్కొండ. నీళ్ళెక్కడ దొరుకుతాయి, పిల్లలు కూర్చుని సద్ది తినడానికి నీడ ఎక్కడుంది, మరుగుదొడ్లు ఎక్కడున్నాయి, ఇవి కూడా చూసి రమ్మన్నారు హెడ్మాస్టరు. సెల్‌ఫోన్ మా ఊరి మొత్తానికి ఆయన దగ్గరే ఉండేది, అదీ గుట్టెక్కితేనే పలికేది. ఆ నంబరు బట్టీ పెట్టుకుని, బస్సు కదిలిన దగ్గరినుంచీ మరిచిపోతానేమోనని మననం చేసుకుంటూ కూర్చున్నాను. కల్వకుర్తి దాటేసరికి అది నాకు దేవుడి మంత్రమైపోయింది.

బస్టాండు బయట రోడ్డు చూడగానే ఆగిపోయాను. నేను పిరికిదాన్నేమీ కాదు. అడవిలో కట్టెలకు పోయినప్పుడు ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో నాకు తెలుసు. ఆటో ఎదురైతే ఏం చేయాలో తెలియదు. ఒక బండి పోయిందని అడుగు వేస్తే ఇంకోటి, అది పోయిందంటే బస్సు. నాలుగుసార్లు దిగి నాలుగుసార్లు వెనక్కి వచ్చాను. చివరికి బుర్ఖా వేసుకున్న ఒకామె ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకుని అవతలి ఒడ్డుకు చేర్చి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. నాకు కృతజ్ఞత కంటే ముందు భయమే కలిగింది. నన్ను దాటించడానికే ఒక మనిషి కావాల్సివస్తే ఈ రోడ్డు మీద అంతమంది పిల్లలను నేనెలా దాటిస్తాను?

మ్యూజియంలో సంచి బయటే పెట్టమన్నారు. సద్ది, నీళ్ళ సీసా అందులోనే ఉండిపోయాయి. లోపల గదిలోంచి గది, దానిలోంచి ఇంకో గది. ముసుగు వేసుకున్న పాలరాతి ఆడమనిషి బొమ్మ ఒకటి ఉంది. రాతి ముసుగులోంచి మొహం కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను. దంతపు కుర్చీలు, కత్తులు, పింగాణీ గిన్నెలు దాటుకుని కాసేపటికి మళ్ళీ ఆమె ముందుకే వచ్చాను. బయటికి దారి ఇటే అని కాపలా ఆయన చూపించిన వైపు వెళ్తే మళ్ళీ ఆమే. మూడోసారి ఆ బొమ్మ నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించింది. ఎందరో చూసి మురిసిపోయే బొమ్మను చూసి చెమటలు పట్టించుకున్నది బహుశా నేనొక్కదాన్నే. గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడారు. చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంటే వాళ్ళు గడియారాన్ని చూశారు, నేను వాళ్ళను చూశాను. ఈ గుంపులో మా పిల్లల తలలు ఎలా పోల్చుకోవాలా అని.

చార్మినార్‌కు నడిచే వెళ్ళాను. దారి పొడుగునా గాజులు, అత్తర్లు, పిలుపులు. ‘ఆవో అమ్మా’ అని ఎవరైనా అంటే చాలు, కొంగు బిగించి అడుగు వేగం పెంచేదాన్ని. పాపం వాళ్ళు అమ్మింది గాజులే. చార్మినార్ కింద నిలబడి తల పైకెత్తితే నాకు మా కొండ గోడ గుర్తొచ్చింది. పైకి మెట్లున్నాయి. ఇరుకుగా, మెలికలు తిరిగి, చీకటిగా. ఎక్కడం మొదలుపెట్టాను. పైనుంచి దిగే జనం చెప్పుల చప్పుడు దగ్గరైంది, వెనక ఎక్కేవాళ్ళ ఊపిరి మెడకు తగిలింది. గోడకు అతుక్కుపోయాను. ఎవరో నన్ను ఎత్తి ఎవరికో అందిస్తారన్న పిచ్చి ఆలోచన వచ్చింది. ఇరవై దాటిన మనిషిని, ఎవరెత్తుతారు? అయినా వెనక్కి తిరిగి, అందర్నీ నెట్టుకుంటూ, తిట్లు తింటూ కిందికి వచ్చేశాను. అంత దూరం వెళ్ళి చార్మినార్ ఎక్కకుండా వచ్చినదాన్ని.

నీడలో కూర్చుని సద్ది విప్పాను కానీ ముద్ద దిగలేదు. నా వల్ల కాదని అప్పుడే తేలిపోయింది. తిరిగి వెళ్ళి, ఆడపిల్లలను తీసుకుపోలేనని చెప్పేయాలి. తల్లులు నవ్వుతారు, నవ్వనీ. ఒక్క పిల్ల తప్పిపోతే? ఆ పెద్దామె ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? బస్టాండుకు పోయే బస్సు కోసం వెళ్ళి నిలుచున్నాను. ముందు గోల్కొండ బస్సు వచ్చింది. ఎక్కాను. ధైర్యం వచ్చి ఎక్కలేదు. పోనీ ఆ పిల్ల అడిగిన ఒక్కదానికైనా జవాబు తీసుకుపోదామని ఎక్కాను.

గోల్కొండ దర్వాజ లోపలికి అడుగుపెట్టి, గుమ్మటం కింద జనం చప్పట్లు కొడుతుంటే చూశాక గానీ నా బుర్రకు తట్టలేదు. నేనొక్కదాన్నే. కింద నిలబడి కొడితే పైన వినేవాళ్ళు లేరు. పైకి పోయి వింటే కింద నా కోసం కొట్టేవాళ్ళు లేరు. పొద్దున్నుంచీ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. మొహం కడుక్కున్నట్టు నటిస్తూ సీసాలో నీళ్ళన్నీ మొహానికే కొట్టుకున్నాను.

ఎక్కే దారిలో కాలేజీ కుర్రాళ్ళ గుంపు ఒకటి ఈలలు వేస్తూ దిగుతోంది. వాళ్ళు నన్నేమీ అనలేదు, నన్ను చూడనే లేదు. అయినా వాళ్ళకు ఎదురుపడలేక పక్కనున్న కమాను లోపలికి తప్పుకున్నాను. అది ఇంకో కమానులోకి, అది ఒక పొడుగాటి చీకటి గదిలోకి పోయింది. గబ్బిలాల వాసన. వచ్చిన దారినే తిరిగాననుకున్నాను, కానీ వెలుతురు ఉండాల్సిన చోట గోడ చేతికి తగిలింది. ఇంకోవైపు తడిమితే అక్కడా గోడే. బయట పొద్దు వాలుతోందని, కోట మూసేస్తారని, నేను లోపలే ఉండిపోతానని, మా ఊళ్ళో ‘తప్పిపోయిన పిల్ల మళ్ళీ తప్పిపోయిందంట’ అనుకుంటారని, ఇవన్నీ ఒక్కసారే తోసుకొచ్చాయి. హెడ్మాస్టరు నంబరు గుర్తు చేసుకోబోతే ఒక్క అంకె కూడా రాలేదు. నోరు తెరిస్తే మాత్రం నేననుకోని మాట బయటపడింది.

“వస్తున్నం లింగమయ్యో.”

ఆ కేక గోడలకు తగిలి నా మీదికే వచ్చింది. నా గొంతుకు నేనే దడుచుకున్నాను. తర్వాత గబ్బిలాల రెక్కల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. అప్పుడు ఆ చీకట్లో ఎక్కడినుంచో, ఎడమ పక్కన, ఒక ఆడగొంతు తాపీగా బదులు పలికింది.

“పోతున్నం లింగమయ్యో.”

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంత నగరంలో ఆ మాట తెలిసిన మనిషి ఉంటుందని నేననుకోలేదు, మనిషి కాదేమోననే అనుకున్నాను. కానీ అంచు మీద నడిచినవాళ్ళకు అలవాటొకటుంటుంది. బదులు వినిపించిన వైపే అడుగు వేస్తారు. గోడ పట్టుకుని ఎడమకు నడిచాను. నాలుగడుగుల్లో వెలుతురు కనిపించింది. ఇంత దగ్గర్లో ఉన్న వెలుతురు కోసమా నేను అంత హడలిపోయింది?

బయట రాళ్ళ మీద ఒకామె నిలబడి ఉంది. చేతులకు మోచేతుల దాకా సున్నం. తలపై చుట్టగుడ్డ. కోట గోడల మరమ్మతుకు వచ్చిన కూలీల్లో మనిషి. ఆ రోజుకు పని అయిపోయి కిందికి దిగుతోందట. నన్ను చూసి నవ్వలేదు, నా మొహంలోకి చూసి భుజం మీద చెయ్యి వేసింది. సున్నం నా చీరకు అంటింది. యాడిదానివి బిడ్డా అంది. చెప్పాను. ఆమెది కొల్లాపూర్ పక్క ఊరు. పెళ్ళయిన కొత్తలో ఏటేటా సలేశ్వరం వచ్చేదట. పనుల కోసం ఊరు విడిచాక మళ్ళీ రాలేదు.

“ఇన్నేండ్లల్ల ఆ మాట ఇనలే బిడ్డా. పానం గుంజినట్టయింది. పిలిస్తె పలుకకుంట ఎట్లుంటరు?”

ఆ మాట విని నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. వచ్చిన పనంతా, చప్పట్ల సంగతితో సహా చెప్పాను. తాను ఎటూ దర్వాజ దగ్గరికే పోతున్నానని, నన్ను పైకి పొమ్మని అంది. అంతమంది చప్పట్లలో నీవేవో నాకెట్ల తెలుస్తదని అడిగితే, లింగమయ్యను పిలిచే వరసలోనే కొడతానంది. రెండు కొట్టి, ఆపి, గబగబా మూడు. నా అరచేతి మీద కొట్టి చూపించింది.

పైకి ఎలా ఎక్కానో నాకు తెలియదు. ప్రతి మలుపులో వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాను. పైన గాలి. కింద హైదరాబాద్ అంతా పొగలో మునిగి ఉంది. కిందినుంచి చప్పట్లు వస్తూనే ఉన్నాయి, ఎవరెవరివో. ఆమె మరిచిపోయి వెళ్ళిపోయిందనుకున్నాను. ఆ తర్వాత వినిపించాయి. సన్నగా, కానీ పొరబడడానికి లేకుండా. రెండు. ఆగి, మూడు. పుస్తకంలో ఉన్నది నిజమే. కిందికి దిగేసరికి ఆమె లేదు, కూలీల లారీ వెళ్ళిపోయిందన్నారు.

మర్నాడు బడి వరండాలో తల్లులంతా కూర్చున్నారు. ఆడపిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు. హెడ్మాస్టరు సంతోషంగా ఉన్నారు. తప్పిపోకుండా వచ్చాను కదా, పందెం గెలిచినట్టే. పెద్దామె మాత్రం ఒక్కటే అడిగింది.

“భయమైందా పిల్లా?”

హెడ్మాస్టరు నాకేసి చూసి తల అడ్డంగా ఊపారు, లేదని చెప్పమని. చెబుదామనే అనుకున్నాను. కిటికీలోంచి ఆ పిల్ల నన్నే చూస్తోంది. కానీ ఆ ముసలి కళ్ళ ముందు అబద్ధం నోటికి రాలేదు. అయిందని చెప్పాను. పొద్దున దిగిన దగ్గరినుంచీ భయపడుతూనే తిరిగానని, రోడ్డు, బొమ్మ, ఎక్కలేని మెట్లు, చీకటి గది, మొత్తం చెప్పేశాను. హెడ్మాస్టరు నుదురు పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్లల ఆశ నా నోటితోనే పోగొట్టాననుకున్నాను.

పెద్దామె లేచి కొంగు దులుపుకుంది.

“కాలే అని చెప్పినుంటె నేను పంపకపోదును. భయమున్నది గనుకనే నా మనుమరాలిని నీ ఎంబడి పంపుతున్న. నువ్వు దాని చెయ్యి ఇడ్వవు.”

ఆమె పంపితే మిగతావాళ్ళు పంపారు. పది రోజులకు అందరం బయలుదేరాం. రోడ్డు దాటేటప్పుడు ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నేను చెప్పినట్టు, పాడినట్టుగా కేకలు అందుకున్నారు. ముందున్న పిల్ల ‘వస్తున్నం’ అంటే చివరి పిల్ల ‘లింగమయ్యో’ అనాలి. చివరి గొంతు వినిపిస్తేనే నేను అడుగు ముందుకు వేసేదాన్ని. జనం ఆగి మరీ చూశారు, చూడనీ అనుకున్నాం.

గోల్కొండలో పెద్దామె మనవరాలు కింద ఉండి తానే చప్పట్లు కొడతానని పట్టుబట్టింది. హెడ్మాస్టరు తోడు ఉంటానన్నారు. వరస నేర్పి, మిగతా పిల్లలను తీసుకుని పైకి ఎక్కాను. పైన అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. చప్పట్లు వస్తున్నాయి. ఒకరివి, ఇద్దరివి, గుంపువి. మా వరస లేదు. పిల్లలు ముందు నవ్వుకున్నారు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. జనంలో కలిసిపోయిందా? హెడ్మాస్టరు ఎవరితోనో మాట్లాడుతూ చెయ్యి వదిలేశారా? అది తల్లి లేని పిల్ల అని అప్పుడే ఎందుకు గుర్తుకు రావాలి? నీళ్ళ పక్క బండ మీద కూర్చున్నదాన్ని నేనే గానీ, ఆ పూటంతా కొండ అంచున నిలబడి కేకలు వేస్తూ అమ్మ ఏమైపోయిందో అంతవరకూ నాకు తెలియదు.

అప్పుడు కింద రెండు చప్పట్లు. ఆగి, మూడు.

వేరే బడి పిల్లలు గుమ్మటం కింద నుంచి కదలక ఆలస్యమైందట, అంతే. నేను ఎవరి మాటా వినకుండా అందర్నీ వెంటబెట్టుకుని కిందికి దిగి, నవ్వుతూ ఎదురొచ్చిన ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను. బస్సు దాకా అలాగే నడిచాను, బస్సులో కూడా వదల్లేదు. కల్వకుర్తి దాటాక ఆ పిల్ల మెల్లగా అంది.

“టీచర్, చెయ్యి నొస్తున్నది.”

“నొయ్యనీ” అన్నాను.